మనుషులు ఒకరి గురించి ఒకరు వెనకాల ఎందుకు మాట్లాడుకుంటారు?

మీ ఆఫీసులో ఎదుట నవ్వుతూ పలకరించేవాళ్లే, మీరు పక్కకి వెళ్లగానే మీ గురించి చెవులు కొరుక్కుంటున్నారని, మనుషులకి ఈ బుద్ధి ఎందుకని అడిగారు. ఒకప్పుడు అలా మాట్లాడినదాన్ని కాబట్టి నేను ఆ వైపు నుంచి చెప్తాను.

2011లో పెళ్లయి ఖమ్మం నుంచి కాకినాడ వచ్చాను. రామారావుపేటలో నాలుగు వాటాల ఇల్లు మాది. మా ఆయన పొద్దున్న వెళ్తే రాత్రికి వచ్చేవారు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆడవాళ్లంతా అరుగు మీద చేరేవారు. ఒకావిడ గోరుచిక్కుళ్లు తుంచుతుంటే ఇంకొకావిడ కూతురికి పేలు చూస్తుండేది. నా యాస వాళ్లకి కొత్త. వాళ్ల మాటల్లోకి వచ్చే మనుషులు నాకు కొత్త. అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వుతూ ఓ చివర కూర్చునేదాన్ని.

మేడమీద వాటాలో ఉండే అక్క ఆ ఏడు శ్రావణ మాసంలో పేరంటం చెయ్యలేదు. కొత్త పెళ్లికూతురినని నన్నొక్కదాన్నే పైకి పిలిచి, కాళ్లకి పసుపు రాసి, తాంబూలం ఇచ్చింది. ఆవిడ నా పాదాల దగ్గర వంగినప్పుడు చేతులు చూశాను. ఎప్పుడూ వేసుకునే బంగారు గాజుల చోట గిల్టు గాజులున్నాయి.

మర్నాడు అరుగు మీద ఆ మాట అనేశాను. చిక్కుళ్లు తుంచే చెయ్యి ఆగిపోయింది. "నిజమా? సరిగ్గా చూశావా?" అంటూ ఒకావిడ జరిగి నాకు పక్కన చోటిచ్చింది. ఆ ఊరొచ్చాక నన్ను ఎవరైనా తమ మనిషిలా చూడడం అదే మొదలు. ఆ సంతోషం నాకింకా గుర్తుంది.

మేడమీది అక్క మీద నాకు కోపం గానీ అసూయ గానీ లేవు. చెప్పాలంటే ఆవిడంటే ఇష్టమే. ఎదురుగా ఉన్నవాళ్లకి దగ్గరవడానికి నా దగ్గరున్నది ఆ ఒక్క కబురే, దాన్ని వాడేసుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత రాబిన్ డన్‌బార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చెప్పిన మాట చదివినప్పుడు ఆ అరుగే కళ్ల ముందు కదిలింది. కోతులు ఒకదాని ఒళ్లు ఒకటి శుభ్రం చేసుకుంటూ చుట్టరికం కలుపుకుంటాయి. మనుషుల గుంపులు పెద్దవయ్యాక ఒక్కొక్కరితో అంతసేపు గడిపే తీరిక లేక, ఆ పని మాటలు చేయడం మొదలుపెట్టాయని ఆయన వాదన. మా అరుగు మీద పేలు చూడడం, కబుర్లు రెండూ ఒకేసారి సాగేవి.

ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టంగా ఉంది. వారం తిరిగేసరికి నా మాటకి చిలవలు పలవలు పుట్టాయి. గాజులు తాకట్టులో ఉన్నాయన్నారు, వాళ్లాయన క్రికెట్ బెట్టింగులో పోగొట్టాడన్నారు. వీధి చివర కిరాణా కొట్టతను వాళ్లకి అరువు ఆపేశాడు. ఆరు నెలలకి తెలిసింది, ఆ గాజులు అమ్మింది ఆవిడ తమ్ముడి ఆపరేషన్ కోసమని. వాళ్లింట్లో బెట్టింగ్ జోలికి వెళ్లినవాళ్లే లేరు.

అరుగు మీద నాకు దొరికిన చోటు కూడా నిలవలేదు. నేను వెళ్లేసరికి మాట మార్చేవారు. ఒకరి గుట్టు మోసుకొచ్చినదాన్ని తమ గుట్టు మోసుకెళ్లనా అని వాళ్ల భయం. మనం ఎదుటివాళ్లకి అంటగట్టిన గుణాన్ని, వినేవాళ్లు తమకి తెలియకుండానే మనకే అంటగడతారని 1998లో ప్రచురితమైన అమెరికా ప్రయోగాల్లో తేలింది. నాకు జరిగిందీ ఇంచుమించు అలాంటిదే.

అలాగని వెనకాల మాటలన్నీ చెడ్డవని నేను అనలేను. మరుసటి ఏడు ఒక చీటీలావిడ దగ్గర లక్ష రూపాయల చీటీలో చేరబోయాను. "నీకు కాబట్టి చెప్తున్నా, పాట పాడుకున్నవాళ్లకి ఆవిడ డబ్బివ్వట్లేదట" అని పక్క వాటా పిన్నిగారు చెవిలో వేశారు. ఈసారి ఆ మాట పట్టుకుని, పాడుకున్నావిడ ఇంటికే వెళ్లి అడిగాం. నిజమే, మూడు నెలలుగా తిప్పుతోందట. మేం చేరలేదు. దసరా వెళ్లాక చీటీలావిడ ఇంటికి తాళం పడింది. ఆ గుసగుస లేకపోతే మా డబ్బు పోయేదే. అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో వెలువడిన పరిశోధనలో గుండె వేగం కొలిచి మరీ చూశారు. ఆటలో ఒకడు మోసం చేస్తుంటే చూసేవాళ్ల గుండె దడ పెరిగిందట, తర్వాత ఆడబోయేవాడికి ఆ సంగతి చెప్పే అవకాశం దొరికాక నెమ్మదించిందట. పిన్నిగారి గొంతులో నేను విన్న ఆత్రం అలాంటిదే అనుకుంటాను.

గాజుల విషయంలో మాత్రం ఒక్కరం కూడా మెట్లెక్కి అడగలేదు.

మీ సంగతికొస్తే, ఆ మాటలన్నీ మీకు కీడు చేసేవే అని టెన్షన్ పడకండి. 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 467 మంది మాటల రికార్డింగులు లెక్కిస్తే, మనిషి రోజుకి సగటున 52 నిమిషాలు పక్కన లేనివాళ్ల గురించి మాట్లాడుతున్నాడు. అందులో ముప్పాతిక వంతు మంచీ చెడూ కాని వట్టి కబుర్లే. మీ గురించి ఎక్కువగా మాట్లాడేది ఎవరో గమనించండి. కొత్తగా చేరినవాళ్లో, ఆ గుంపులో ఇంకా చోటు కుదరనివాళ్లో అయితే వాళ్లని విడిగా టీకి పిలవండి. నన్ను ఆ మొదటి నెలలో ఎవరైనా అలా పిలిచి ఉంటే గాజుల మాట నా నోట వచ్చేది కాదని నా నమ్మకం. మీ ఉద్యోగానికి ముప్పు తెచ్చే అబద్ధమైతే మాత్రం ఊరుకోకండి, అన్నవాళ్లనే నేరుగా అడగండి.

నేను మేడమీదికి వెళ్లి తప్పు ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది. మేం ఇల్లు ఖాళీ చేసే రోజు వెళ్లాను. "అక్కా, ఆ గాజుల మాట మొదట అన్నది నేనే" అన్నాను. ఆవిడ సామాను కట్టడానికి పాత చీరలు తీసిస్తూ, "తెలుసమ్మా. నీ కాళ్లకి పసుపు రాసినప్పుడు తప్ప ఆ గాజులు అంత దగ్గర నుంచి ఎవరూ చూడలేదుగా" అంది.