మొక్కజొన్న పాతర గడ్డి: కంకి ఏ దశలో ఉన్నప్పుడు కోయాలి?

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం. ఆరు సంకరజాతి ఆవులున్నాయి. నిరుడు యాసంగి మొక్కజొన్నను కంకి పైపొర ఎండిన తరువాత కోసి పాతర (గాలి చొరకుండా కప్పి పులియబెట్టే మేత, సైలేజి) వేశాము. ఆవులు తిన్నాయి గానీ పాలు పెరగలేదు, పేడలో గింజలు కనిపించాయి. ఈసారి పూత మీదనే కోయమని కొందరు అంటున్నారు. ఎప్పుడు కోయాలి?

జవాబు: పేడలో గింజలు అలాగే రావడాన్ని బట్టి పంట బాగా ముదిరిన తరువాత కోశారని తెలుస్తోంది. గింజ ముదిరే కొద్దీ అందులోని పిండి పదార్థం చుట్టూ మాంసకృత్తులు బిగుసుకుంటాయి. మేత నరికే యంత్రం (చాఫ్ కట్టరు)లో పగలకుండా మిగిలిన అలాంటి గింజ ఆవు కడుపులో కూడా సరిగా అరగదు. పైగా ఎండిన చొప్ప ఎంత తొక్కినా అణగక, లోపల గాలి నిలిచి పాతర వేడెక్కుతుంది, బూజు పడుతుంది.

అలాగని పూత మీద కోయడం కూడా సరికాదు. అప్పుడు ఆకు, కాండం లేతగా ఉండి పీచు బాగా అరుగుతుందన్న మాట నిజమే గానీ, మొక్కలో నీరు చాలా ఎక్కువగా ఉంటుంది, గింజ కట్టలేదు కనుక పిండి పదార్థమూ ఉండదు. అలాంటి పాతర నుండి కారిపోయే రసంతో పాటు చక్కెరలూ పోతాయి. బ్యుటిరిక్ ఆమ్లం తయారై దుర్వాసన వేస్తే ఆవులు మూతి పెట్టవు. మొక్క ముదిరే కొద్దీ కాండంలోని పీచు అరుగుదల తగ్గినా, గింజలో చేరే పిండి ఆ లోటును పూడ్చుతుంది. కంకి వేయకముందే కోసే నేపియర్ గడ్డికి ఈ వెసులుబాటు లేదు కాబట్టే దానిని ముదరనివ్వవద్దని చెబుతాము.

మొత్తం మొక్కలో ఎండు పదార్థం (నీరంతా పోగా మిగిలేది) 30 నుండి 35 శాతం ఉన్న రోజులే కోతకు తగినవి. కంకిని మధ్యకు విరిచి, కొన వైపు ముక్కలో విరిగిన చోట కనిపించే గింజలను చూడండి. గింజ పైభాగం గట్టిపడి, కింది భాగం ఇంకా పాలతో ఉంటే రెండింటి మధ్య ఒక గీత కనిపిస్తుంది. అది గింజలో సగం నుండి మూడింట రెండు వంతుల వరకు దిగినప్పుడు కోయవచ్చు. గట్టి గింజ రకాలలో ఈ గీత స్పష్టంగా కనిపించదు. అందువల్ల చేనులో నాలుగైదు చోట్ల నుండి కంకులతో సహా మొక్కలు తెచ్చి నరికి, బాగా కలిపి, 200 గ్రాములను పెనం మీద సన్నని సెగన మాడకుండా, బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టండి. 60 నుండి 70 గ్రాములు మిగిలితే కోతకు వచ్చినట్లే. మార్చి ఎండలకు మొక్క త్వరగా ఆరిపోతుంది కనుక మూడు రోజులకొకసారి పరీక్షిస్తూ, కూలీలను, కట్టరును ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

ముక్కలు 1 నుండి 2 సెంటీమీటర్లు ఉండేలా నరికి, గట్టిగా తొక్కించి, గాలి చొరకుండా కప్పి, 45 రోజుల తరువాత తెరవండి. ఒకవేళ ఈసారీ ఆలస్యమైతే ఇంకా చిన్నగా, గింజ పగిలేలా నరికించి, పాతరను మూడు నాలుగు నెలలు కదపకుండా ఉంచండి. పులిసే కొద్దీ గింజలోని మాంసకృత్తుల బిగువు సడలి పిండి మెరుగ్గా అరుగుతుంది. ఏ దశలో కోసినా ఈ మేత ఎండు పదార్థంలో మాంసకృత్తులు సుమారు 8 శాతమే కాబట్టి పాలిచ్చే ఆవులకు పత్తి గింజల చెక్క గానీ వేరుశనగ చెక్క గానీ తప్పక జత చేయాలి. నిరుటి పాతరలో మేత మిగిలి ఉంటే, బూజు పట్టిన భాగాన్ని పూర్తిగా తీసి పారవేయండి. ముఖ్యంగా చూడి ఆవుల దరికి దానిని రానివ్వకండి.