ప్రశ్న – జవాబు: ఎండాకాలంలో సిలిండర్ ఎందుకు సప్పుడు చేయదు?

ప్రశ్న: మా పత్తి మిల్లులో మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు ఆరు ఉన్నాయి, ఒక్కోటి నాలుగున్నర కిలోలది. చలికాలంలో ఊపితే లోపల గలగలమనేవి. ఏప్రిల్ వచ్చేసరికి సప్పుడే లేదు. గ్యాసు కారిపోయిందా? చూసుకుందామంటే వాటికి మీటరు కూడా లేదు.
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: సప్పుడు ఆగినంత మాత్రాన కారిపోయినట్టు కాదు. కార్బన్ డయాక్సైడ్‌కు సందిగ్ధ ఉష్ణోగ్రత, అంటే ఆపైన ఎంత అదిమినా ద్రవంగా మారని హద్దు, 31 డిగ్రీలు. ఆ హద్దు దగ్గరి సందిగ్ధ పీడనం 73.8 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). చలికాలంలో సిలిండర్ అడుగున ద్రవం, పైన వాయువు ఉంటాయి. ఆ ద్రవం మట్టం కదిలితేనే గలగల. లీటరు జాగాకు సుమారు 0.67 కిలోల లెక్కన నింపిన సిలిండర్‌లో ద్రవం వేడికి ఉబ్బి 27, 28 డిగ్రీలకే పైదాకా నిండిపోతుంది. 31 దాటాక ఇది ద్రవం, అది వాయువు అనే తేడాయే ఉండదు. ఆ స్థితినే సూపర్‌క్రిటికల్ అంటారు. మే నెలలో 42 డిగ్రీల షెడ్డులో మీ సిలిండర్ లోపల పీడనం వంద బార్ దాటి ఉంటుంది.

మీటరు పెట్టకపోవడానికి కారణమూ ఇదే. పీడనాన్ని బట్టి ఎండ ఎంతుందో తెలుస్తుంది గానీ సరుకు ఎంతుందో తెలియదు. కాటా మీద తూచండి. సిలిండర్ మీద కొట్టిన ఖాళీ బరువు తీసేస్తే మిగిలేది గ్యాసు. 450 గ్రాములకు మించి తగ్గితే మళ్లీ నింపించాలి. ఆ ఖాళీ బరువులో గొట్టం, గ్యాసు చిమ్మే హారన్ కలిశాయో లేదో ముందు చూసుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఎండ పడే గోడకు మాత్రం తగిలించొద్దు. పీడనం హద్దు మీరితే వాల్వులోని రక్షణ రేకు పగిలి సరుకంతా పోతుంది.

ప్రశ్న: మాది గద్వాల దగ్గర రైతు ఉత్పత్తిదారుల సంఘం. ఎండుమిర్చి నుంచి ఒలియోరెసిన్ (కారం, రంగు, వాసన ఉండే చిక్కటి సారం) తీసే యూనిట్ పెట్టాలని ఉంది. సారాన్ని కరిగించి తీసే హెక్సేన్ ద్రావణి చాలని కొందరు, సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ యంత్రమే కొనమని కొందరు అంటున్నారు. ఏది మేలు?
– సంఘం సభ్యులు

జవాబు: కొనేవాళ్లు మిమ్మల్ని రంగు అడుగుతున్నారా, కారం అడుగుతున్నారా? ముందు అది తేల్చుకోండి, యంత్రం సంగతి తర్వాత.

సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ వాయువులా పొడి సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా కరిగించుకుంటుంది. ఎంత కరిగించుకుంటుందన్నది దాని సాంద్రతను బట్టి ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర 80 బార్‌లో లీటరు సుమారు 280 గ్రాములు తూగేది, 100 బార్‌కు వచ్చేసరికి 630 తూగుతుంది. 200లో 840, 300లో 910. అంటే పీడనం తిప్పే మర చేతిలో ఉంటే, ఒకే ద్రావణిని పలచగా, చిక్కగా ఎలా కావాలంటే అలా చేసుకోవచ్చు. మిర్చిలోని కారం, వాసన నూనెలు 150–200 బార్‌లోనే బాగా వస్తాయి. ఎర్ర రంగు పదార్థాలు అంత తేలిగ్గా కరగవు, వాటికి 400 బార్ దాకా వెళ్లాల్సి వస్తుంది. 300 బార్ యంత్రం కొంటే రంగులో చాలా భాగం పిప్పిలోనే ఉండిపోతుంది. అందుకే తేజ లాంటి కారం రకాలకు ఈ పద్ధతి నప్పుతుంది. బ్యాడిగి లాంటి రంగు రకాలకు హెక్సేన్ చవక. కాకపోతే హెక్సేన్‌కు మంటల భయం ఉంది, సరుకులో మిగిలే అవశేషానికి హద్దూ ఉంది. మసాలా ఒలియోరెసిన్లలో 25 పీపీఎం (పది లక్షల వంతుల్లో 25) మించకూడదన్నది అమెరికా నిబంధన.

పని ఇలా నడుస్తుంది. తొడిమలు తీసిన మిర్చిని తేమ 8–10 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, అర మిల్లీమీటరు చుట్టుపక్కల పలుకుగా ఆడించాలి. మెత్తగా ఆడిస్తే ఎక్కువ వస్తుందనుకుంటారు, అది పొరపాటు. మెత్తని పొడి అదిమితే గడ్డకడుతుంది. గ్యాసు ఏదో ఒక పగులు వెతుక్కుని అటే పోతుంది, మిగతా పొడి ముట్టనట్టే ఉండిపోతుంది. తేమ ఎక్కువైతే నీళ్లు కూడా వచ్చి సరుకు మడ్డిలా తయారవుతుంది. పొడిని రెండు వైపులా జల్లెడ రేకులున్న బుట్టలో నింపి పాత్రలోకి దింపాలి. ద్రవ కార్బన్ డయాక్సైడ్‌ను 5 డిగ్రీల దాకా చల్లబరిచాకే పంపుకు ఇవ్వాలి. వెచ్చగా ఇస్తే పంపు తలలోనే బుడగలు లేచి ఒత్తిడి ఎక్కదు. పంపు దాటాక 40–60 డిగ్రీలకు వేడిచేసి పాత్రలోకి పంపుతారు. కిలో పొడికి 20–30 కిలోల గ్యాసు తిరగాల్సి రావచ్చు.

బయటికొచ్చే చోట పీడనం దించే వాల్వు ఉంటుంది. చాలా తంటాలు అక్కడే. ఒక్కసారిగా వ్యాకోచించిన గ్యాసు బాగా చల్లబడి, దాంతో వచ్చే సరుకు చిక్కబడి వాల్వు మూసుకుపోవచ్చు. వాల్వుకు వేడినీళ్ల జాకెట్ తప్పనిసరి. సెపరేటర్‌లో 50–55 బార్ దగ్గర గ్యాసుకు కరిగించుకునే శక్తి పోయి ఒలియోరెసిన్ అడుగున దిగుతుంది, గ్యాసు మళ్లీ తిరగాలి. ఆ పీడనంలో అది ద్రవంగా మారాలంటే 14–18 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. మన దగ్గర ఎండాకాలం కూలింగ్ టవర్ నీళ్లు అంత చల్లగా దిగవు. నీళ్లు చల్లబరిచే చిల్లర్ పెద్దది పెట్టాలి, కరెంటు లెక్కలో దాన్ని వదిలేయొద్దు.

పాత్ర మూతకు ఉండే రబ్బరు రింగులు గ్యాసును పీల్చుకుంటాయి. పీడనం గబుక్కున దించితే లోపలి గ్యాసు ఉబ్బి రింగు చీలుతుంది. నిదానంగా దించండి, విడి రింగులు దగ్గర పెట్టుకోండి. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, గుంటలో, కిందిగదిలో నిలుస్తుంది. దాని సెన్సార్ మోకాలి ఎత్తులో ఉండాలి. 4 శాతం చేరిన గదిలో మనిషి ప్రాణానికే ముప్పు.

ఇవన్నీ చూశాక కూడా ముందు యంత్రం కొనకండి. ఇప్పటికే యంత్రం ఉన్నచోట, మీ మిర్చితోనే కిరాయికి కొన్ని బ్యాచులు తీయించి, ఆ సరుకును కొనేవాళ్లకు చూపించండి.

ప్రశ్న: దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రాన్ని కూడా సూపర్‌క్రిటికల్ అంటారు. అక్కడా ఇదేనా?
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: స్థితి అదే, పదార్థం వేరు. 800 మెగావాట్ల యూనిట్లు ఐదున్న ఆ కేంద్రంలో నీళ్లను 221 బార్, 374 డిగ్రీలు దాటిస్తారు. అక్కడ మరగడమే ఉండదు, నీళ్లు క్రమంగా ఆవిరి అవుతాయి. కనుక నీళ్లను, ఆవిరిని వేరుచేసే డ్రమ్ముతో పని లేదు. ఎక్కువ పీడనం, ఎక్కువ వేడి వల్ల అంతే కరెంటుకు బొగ్గు తక్కువ పడుతుంది. కానీ డ్రమ్ము ఉంటే ఉప్పు చేరిన నీళ్లను బయటికి వదలొచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. నీళ్లలో ఏది మిగిలినా గొట్టాల్లోనో, టర్బైన్ రెక్కల మీదో పేరుకుంటుంది. మామూలు నీళ్లు ఉప్పును ఇట్టే కరిగిస్తాయి, సూపర్‌క్రిటికల్ నీళ్లు దాదాపు కరిగించవు. అందుకే ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చే కండెన్సర్ నుంచి వచ్చే నీళ్లను పాలిషర్‌తో మళ్లీ శుద్ధి చేశాకే బాయిలర్‌కు పంపుతారు.

ప్రశ్న: నీళ్లు లేకుండా కార్బన్ డయాక్సైడ్‌తో అద్దకం చేస్తున్నారట. మా పోచంపల్లి నూలుకు పనికొస్తుందా?
– ఒక నేత కార్మికుడు

జవాబు: పాలిస్టర్‌కు పనికొస్తుంది. 120 డిగ్రీలు, 250 బార్ దగ్గర డిస్పర్స్ రంగులు (నీళ్లలో సరిగా కరగని, పాలిస్టర్‌కు వాడే రకం) గ్యాసులో కరిగి, ఉబ్బిన పోగులోకి ఇంకుతాయి. పీడనం దించితే దారం పొడిగా బయటికొస్తుంది. మీ నూలుకు, పట్టుకు వాడే రంగులు ఎక్కువగా అయానులుగా (విద్యుదావేశమున్న కణాలుగా) విడిపోయే రకం, గ్యాసులో కరగవు. పైగా రంగు అంటకుండా దారానికి చిటికీ కట్టే రబ్బరు ట్యూబు పట్టీలు గ్యాసు పీల్చి ఉబ్బుతాయి. కట్టు సడలి రంగు లోపలికి పాకుతుంది.