సింధూ, నా భయమంతా దిగడం గురించే

మల్లేశ్వరం, బెంగళూరు

సింధూ,

జూలైలో ఇటలీ వెళ్లి స్టెల్వియో కనుమ సైకిల్ మీద ఎక్కుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ నా మేనకోడలని గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

వీసా, ఇన్సూరెన్స్, హెల్మెట్ సంగతి నీకు తెలుసు. ఎక్కడం గురించి కూడా నాకంత టెన్షన్ లేదు. ప్రాటో ఊరు 915 మీటర్ల ఎత్తులో ఉంది, ఇంచుమించు మన బెంగళూరంత. అక్కణ్ణుంచి 24 కిలోమీటర్లు, 48 హెయిర్‌పిన్ మలుపులు, పైన 2757 మీటర్లు. మన నంది కొండే 1478 కదా, ఆ ఎత్తు దాటాక కూడా ఇంకా 1300 మీటర్లు ఎక్కాలి. తెల్లవారగానే బయల్దేరు, వేసవిలో అక్కడ మధ్యాహ్నాలు పిడుగుల వానలు పడతాయి. దారిలో ట్రాఫోయ్ అనే ఊరు దాటాక ఓర్ట్‌లర్ మంచు శిఖరం కనిపిస్తుంది. సైకిల్ ఆపి తనివితీరా చూడు, నిన్నెవరూ తరమడం లేదు.

నా భయమంతా దిగడం గురించే. మీ నాన్న ఊటీ నుంచి మసినగుడి వైపు కల్హట్టి ఘాట్ దిగిన సంగతి నీకు చెప్పి ఉండడు. అక్కడ 36 మలుపులు. నేను వెనకే వస్తున్నాను. అప్పటిదాకా తొక్కి ఒళ్లు వేడెక్కి ఉందని స్వెట్టర్ సంచిలోనే ఉంచేశాడు. వేసుకోరా అన్నాను, వినలేదు. కాసేపటికే చలిగాలికి వేళ్లు కొయ్యబారాయి. బ్రేకు వదిలితే మళ్లీ పట్టు దొరకదేమోనని రెండూ బిగబట్టి దిగాడు. రిమ్ములు సలసలా కాగి, ముందు ట్యూబు ఢామ్మని పేలింది. కొండ వైపు పడ్డాడు కాబట్టి మోచెయ్యి చీరుకుపోవడంతో సరిపోయింది. అవతలి వైపు లోయ. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది తల్లీ. వాడు అటు పడి ఉంటే నువ్వు నాకు దక్కేదానివే కాదు.

అందుకే చెబుతున్నా, విసుక్కోకు. పైకి చేరగానే చెమట బనియన్ మార్చి, జాకెట్, నిండు వేళ్ల గ్లౌజులు వేసుకో. ప్రాటో కంటే పైన పది పన్నెండు డిగ్రీలు తక్కువ ఉంటుంది, దిగేటప్పుడు గాలి అదనం. మలుపుకి ముందే గట్టిగా బ్రేకు వేసి వేగం తగ్గించు, మలుపులో వదిలెయ్. డిస్క్ బ్రేకులైనా సరే, అదేపనిగా పట్టుకుంటే కాగుతాయి. వేళ్లు మొద్దుబారితే ఆగు. మలుపులకు నంబర్లుంటాయి, పైన 1, కింద 48. పది మలుపులకోసారి ఆగినా తప్పులేదు.

ఇంకొకటి, అక్కడ కుడి పక్కన తొక్కాలి. రోడ్డు ఖాళీగా కనిపిస్తే మన అలవాటు కొద్దీ సైకిల్ ఎడమకి జరిగిపోతుంది, మలుపు అవతల నుంచి మోటార్‌సైకిళ్లు దూసుకొస్తాయి. నువ్వసలే పరధ్యానం మనిషివి!

నడవాలనుంటే కనుమ మీద నుంచి గారిబాల్డి అనే కొండ మీది విడిది దాకా వెళ్లు. కొంచెం ఎత్తే, చుట్టూ కొండలన్నీ కనిపిస్తాయి.

ఈ ఆదివారం సైకిల్ తీసుకొని వచ్చెయ్. పొద్దున్నే నందికి వెళ్దాం. నేను కార్లో వెనకాల వస్తాను, నువ్వు దిగుతూ బ్రేకులు ఎలా వేస్తున్నావో చూడాలి. ప్యాడ్లు అరిగి ఉంటే ముందే మార్పించుకొని రా.

మీ అత్త