సోర్స్ నుంచి స్వరలిపి సాఫ్ట్‌వేర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

లిలీపాండ్, మ్యూజ్‌స్కోర్ రెండూ సోర్స్ కోడ్‌తో సహా ఉచితంగా దొరికే స్వరలిపి సాఫ్ట్‌వేర్లు. లిలీపాండ్‌లో సంగీతాన్ని టెక్స్ట్‌గా టైప్ చేస్తే అదే అచ్చుకు తగ్గ పేజీ తయారుచేస్తుంది. మ్యూజ్‌స్కోర్‌లో స్వరాలను తెర మీదే పెట్టుకుంటూ పోవచ్చు. వీటిని లినక్స్ మీద స్వయంగా కంపైల్ చేయబోయి (అంటే సోర్స్ కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చబోయి) మధ్యలో ఆగిపోయినవాళ్లు రాసిన ప్రశ్నలకు ఈసారి చోటిచ్చాం. కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ప్రశ్న: రెడీమేడ్‌గా దొరుకుతున్నప్పుడు సోర్స్ నుంచి కంపైల్ చేయడం వల్ల లాభం ఏమిటి? నాణ్యత పెరుగుతుందా?

జవాబు: పెరగదు. అదే కోడ్, అదే పేజీ. లిలీపాండ్ 2.24కు లినక్స్ కట్ట విప్పుకుని నేరుగా నడుపుకోవచ్చు, మ్యూజ్‌స్కోర్‌కు యాప్ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఒకే ఫైలు) ఉంది. మామూలు వాడకానికి అవి చాలు. కంపైల్ చేయాల్సిన సందర్భాలు మూడు. మీకు అడ్డొస్తున్న బగ్‌ను కోడ్‌లో సరిచేసి ఉన్నా విడుదల ఇంకా రాకపోవడం, మీరే కోడ్ మార్చి చూడాలనుకోవడం, మీ ప్రాసెసర్‌కు రెడీమేడ్ కట్ట లేకపోవడం. వీటిలో ఒక్కటైనా మీకు వర్తిస్తే శ్రమ పడండి.

ఏ వెర్షన్ తీసుకోవాలన్నది కూడా ముందే తేల్చుకోండి. లిలీపాండ్‌లో మధ్య అంకె సరిసంఖ్య అయితే స్థిరమైన వెర్షన్, బేసి అయితే అభివృద్ధిలో ఉన్నది. అంటే 2.24 స్థిరం, 2.25 ప్రయోగం. కోడ్ మార్పులన్నీ భద్రపరిచే గిట్ నుంచి దించుకుంటే ప్రధాన శాఖ మీదే ఉండిపోకుండా, వి 2.24.4 లాంటి ట్యాగ్‌కు (విడుదలకు వేసిన గుర్తుకు) మారి అప్పుడు మొదలుపెట్టండి.

ప్రశ్న: లిలీపాండ్ 2.24 సోర్స్ దించాను. కాన్ఫిగర్ నడిపితే చివర్లో పెద్ద జాబితా ఇచ్చి ఆగిపోయింది. ఆ లైబ్రరీల్లో సగం నా మెషీన్‌లో ముందే ఉన్నాయి. మరి లేవంటుందేమిటి?

జవాబు: ముందుగా ఒక మంచి మాట. కావలసినవన్నీ మెషీన్‌లో ఉన్నాయో లేవో చూసేది కాన్ఫిగర్ స్క్రిప్ట్. చాలా ప్రోగ్రాముల్లో అది మొదటి లోటు దగ్గరే ఆగిపోతుంది, అది తీరిస్తే ఇంకోటి చెబుతుంది. లిలీపాండ్ అలా కాకుండా లేనివన్నీ కూడబెట్టి చివర్లో ఒకేసారి చూపిస్తుంది. ఎర్రర్ అన్న జాబితాలోవి తప్పనిసరి. వార్నింగ్ కింద వచ్చినవి ఉంటే మంచిది, లేకపోయినా పని సాగుతుంది.

ఇక మీ సందేహం. లైబ్రరీ ఉండటం వేరు, దాని హెడర్ ఫైళ్లు (దాన్ని ఎలా వాడాలో కంపైలర్‌కు చెప్పేవి) ఉండటం వేరు. అక్షరాలను పేర్చే ప్యాంగో మీ మెషీన్‌లో కచ్చితంగా ఉంటుంది, అది లేకపోతే చాలా ప్రోగ్రాముల్లో అక్షరాలే కనిపించవు. కానీ దాన్ని ఆధారం చేసుకుని కొత్త ప్రోగ్రామ్ కంపైల్ చేయాలంటే హెడర్లు, లైబ్రరీ ఎక్కడుందో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ ఫైలు కావాలి. అవి డెబియన్, ఉబుంటులలో పేరు చివర 'డెవ్' అని, ఫెడోరాలో 'డెవెల్' అని ఉండే విడి ప్యాకేజీల్లో వస్తాయి. ప్యాంగో, ఫ్రీటైప్, ఫాంట్‌కాన్ఫిగ్, జీలిబ్, గైల్ 2.2 వీటన్నిటికీ ఆ డెవ్ ప్యాకేజీలే వేసుకోవాలి.

లైబ్రరీలు కాక పనిముట్లు ఇంకో వరుస: సి++ కంపైలర్, ఫ్లెక్స్, బైసన్, పైథాన్ 3, గెట్‌టెక్స్ట్, ఘోస్ట్‌స్క్రిప్ట్, ఫాంట్‌ఫోర్జ్, టి1యుటిల్స్, మెటాపోస్ట్. స్వరలిపి సాఫ్ట్‌వేర్‌కు మెటాపోస్ట్ ఎందుకని చాలామంది దాటేస్తారు. లిలీపాండ్ స్వరచిహ్నాల ఫాంట్ పేరు ఎమెంటాలర్. అది సోర్స్‌లో తయారైన ఫాంట్‌గా ఉండదు, గీతల వర్ణనగా ఉంటుంది. మీ మెషీన్ మీదే మెటాపోస్ట్, ఫాంట్‌ఫోర్జ్ కలిసి దాన్ని 11, 13, 14, 16, 18, 20, 23, 26 అనే ఎనిమిది సైజుల్లో కడతాయి, బ్రేస్‌ల (పంక్తులను కలిపే వంకర బ్రాకెట్ల) కోసం మరొకటి వేరుగా. చిన్న సైజు గీత కాస్త లావుగా, పెద్ద సైజు గీత సన్నగా ఉండేలా ఒక్కోదాన్నీ విడిగా దిద్దారు. అచ్చులో ఆ పేజీలు అంత ఒద్దికగా కనిపించడానికి అదొక కారణం. అందుకే ఆ పనిముట్లు లేకుండా ఇది కదలదు.

వీటితోపాటు టెక్స్ట్ కోసం టెక్స్ గైర్, యుఆర్‌డబ్ల్యూ ఫాంట్లు ఓపెన్‌టైప్ రూపంలో కావాలని అడగవచ్చు. ఫాంట్లు ఉండి కూడా కాన్ఫిగర్‌కు కనబడకపోతే, అవి ఉన్న ఫోల్డర్‌ను చూపించే ఐచ్ఛికాలు 'కాన్ఫిగర్ డాష్ డాష్ హెల్ప్' కొడితే కనిపిస్తాయి.

దగ్గరి దారి ఒకటుంది. డెబియన్, ఉబుంటులలో 'యాప్ట్ బిల్డ్-డెప్ లిలీపాండ్' కొడితే అవసరమైనవన్నీ ఒక్కసారే దిగుతాయి. సోర్స్ రిపాజిటరీ లైన్లు తెరిచి ఉంటేనే అది పనిచేస్తుంది. అయితే అది మీ డిస్ట్రోలో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీలో) ఉన్న వెర్షన్‌కు కావలసినవి దించుతుంది. మీరు కడుతున్నది వేరే వెర్షన్ అయితే ఒకటి రెండు మిగిలిపోతాయి, వాటిని చేత్తో వేసుకోవాలి.

ప్రశ్న: పాత పుస్తకంలో చూసి గైల్ 1.8 కోసం వెతుకుతున్నాను. ఎక్కడా దొరకడం లేదు.

జవాబు: వెతకడం మానేయండి. లిలీపాండ్ లోపలి తర్కంలో చాలా భాగం స్కీమ్ భాషలో ఉంది, దాన్ని నడిపేది గైల్. 2.22 వరకు మామూలుగా గైల్ 1.8 కావలసి వచ్చేది. అది పాతబడిపోయి డిస్ట్రోలు తీసేయడంతో ఎందరో ఇబ్బంది పడ్డారు. 2022 డిసెంబరులో వచ్చిన 2.24 నుంచి గైల్ 2.2 వాడుతున్నారు. మీ డిస్ట్రోలో 3.0 మాత్రమే ఉంటే, కాన్ఫిగర్ కమాండ్‌లో గైల్-ఫ్లేవర్ అనే వేరియబుల్‌కు 'గైల్-3.0' అని విలువ ఇవ్వండి. వేరియబుల్ పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో ఉండాలి.

గైల్‌ను కూడా మీరే కంపైల్ చేసి ఉంటే ఇంకో చిక్కు రావచ్చు. లిలీపాండ్ బాగానే తయారవుతుంది, నడపబోతే షేర్డ్ లైబ్రరీ దొరకలేదని ఆగిపోతుంది. కంపైల్ అయ్యేటప్పుడు వెతికే చోట్లు, నడిచేటప్పుడు వెతికే చోట్లు ఒకటి కావు. కొన్ని డిస్ట్రోలు 'యుఎస్ఆర్-లోకల్-లిబ్' ఫోల్డర్‌ను నడిచేటప్పటి జాబితాలో పెట్టవు. ఆ ఫోల్డర్‌ను జాబితాలో చేర్చి, రూట్‌గా 'ఎల్‌డీకాన్ఫిగ్' ఒకసారి నడపండి.

ప్రశ్న: 'మేక్ డాష్ జె 8' ఇచ్చాను. అరగంట తర్వాత 'ఎర్రర్ 2' అని ఆగింది. ఎర్రర్ 2 అంటే ఏమిటి?

జవాబు: దానంతట దానికి ఏ అర్థమూ లేదు. కింద ఏదో ఫోల్డర్‌లో పని చెడింది, ఆ కబురు పనులన్నిటినీ నడిపించే పైనున్న మేక్‌కు చేరింది, అంతే. అసలు తప్పు చాలా లైన్ల పైన ఉంటుంది. డాష్ జె 8 వల్ల ఎనిమిది పనులు ఒకేసారి నడుస్తున్నప్పుడు ఒకటి చెడినా మిగతా ఏడూ తమ మాటలు రాసుకుంటూ పోతాయి, తప్పు వాటి మధ్య కూరుకుపోతుంది.

చేయాల్సింది తేలికే. డాష్ జె తీసేసి ఉత్త 'మేక్' మళ్లీ కొట్టండి. అయిపోయిన ఫైళ్ల జోలికి పోకుండా, చెడిన దాని దగ్గరికే వెళ్లి ఆగుతుంది. ఈసారి అసలు తప్పు చివరి పది పదిహేను లైన్లలోనే కనబడుతుంది. ఎవరినైనా సాయం అడగాలన్నా 'ఎర్రర్' పక్కన కోలన్ ఉన్న మొదటి లైన్ పంపండి, చివరిది కాదు. కాన్ఫిగర్ దశలోనే ఆగితే కాన్ఫిగ్ డాట్ లాగ్ ఫైలు చూడాలి. అది ఏ పరీక్ష నడిపిందో, కంపైలర్ ఏం జవాబిచ్చిందో అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంటుంది.

ఫాంట్లు కట్టే దశలో కంట్రోల్-సి కొట్టి ఆపి, మళ్లీ మొదలుపెట్టాక వింత తప్పులు వస్తుంటే, సగం రాసిన ఫైలు మిగిలిపోయి ఉండవచ్చు. సోర్స్ ఫోల్డర్ లోపల 'బిల్డ్' అని వేరే ఫోల్డర్ చేసి, అక్కడి నుంచే కాన్ఫిగర్ నడపమని చెప్పేది ఇందుకే. ఆ ఒక్క ఫోల్డర్ తీసేస్తే చెత్తంతా పోతుంది, సోర్స్ చెక్కుచెదరదు. గిట్ నుంచి తెచ్చుకున్నవాళ్లకు కాన్ఫిగర్ ఫైలే ఉండదు. ముందు 'ఆటోజెన్ డాట్ ఎస్‌హెచ్'ను నోకాన్ఫిగర్ ఐచ్ఛికంతో నడిపి దాన్ని పుట్టించుకోవాలి.

'మేక్ డాక్' జోలికి మాత్రం అవసరం లేకుండా పోవద్దు. అది పుస్తకాలంత సహాయ పత్రాలను, వాటిలోని ప్రతి సంగీత ఉదాహరణతో సహా కడుతుంది. ప్రోగ్రామ్ కంటే దానికే చాలా ఎక్కువ సమయం పడుతుంది.

ప్రశ్న: ఇన్‌స్టాల్ చేసిన లిలీపాండ్ పనిచేస్తోంది గానీ, నాలుగు స్వరాలున్న ఫైలుకు కూడా ప్రతిసారీ మొదట్లో చాలా సెకన్లు ఆగుతోంది. రెడీమేడ్ వెర్షన్ ఇలా లేదు.

జవాబు: మీరు బైట్‌కోడ్ అడుగు వదిలేశారు. గైల్ 2.2లో స్కీమ్ ఫైళ్లను ముందే బైట్‌కోడ్‌గా (గైల్ త్వరగా నడపగల రూపంలోకి) మార్చి పెట్టుకోవచ్చు. అలా మార్చకపోతే లిలీపాండ్ మొదలైన ప్రతిసారీ ఆ ఫైళ్లన్నిటినీ మొదటి నుంచి చదువుకోవాలి. మామూలు 'మేక్' ఆ పని చేయదు. బిల్డ్ ఫోల్డర్‌లో 'మేక్ బైట్‌కోడ్', ఆ తర్వాత 'మేక్ ఇన్‌స్టాల్-బైట్‌కోడ్' కొట్టండి. తేడా వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: డిస్ట్రో ఇచ్చిన పాత లిలీపాండ్, నేను కట్టిన కొత్తది రెండూ ఉంచుకోవచ్చా? తర్వాత తీసేయాలంటే ఎలా?

జవాబు: ఉంచుకోవచ్చు. కాన్ఫిగర్ చేసేటప్పుడే ప్రిఫిక్స్ ఐచ్ఛికంతో మీ హోమ్ ఫోల్డర్‌లో ఒక చోటు చూపించండి, ఉదాహరణకు హోమ్ లోపల 'ఆప్ట్', దానిలో 'లిలీ-2.24'. అప్పుడు సూడో అవసరం రాదు, తీసేయాలంటే ఆ ఫోల్డర్ చెరిపేస్తే చాలు. ప్రిఫిక్స్ ఇవ్వకపోతే అంతా యుఎస్ఆర్-లోకల్‌లోకి పోతుంది. అక్కడి నుంచి తీయాలంటే అదే బిల్డ్ ఫోల్డర్‌లో 'మేక్ అన్ఇన్‌స్టాల్' కొట్టాలి, కాబట్టి అప్పటిదాకా బిల్డ్ ఫోల్డర్‌ను పారేయకండి. మ్యూజ్‌స్కోర్‌ను సీమేక్ అనే పనిముట్టుతో కడతారు. దాని బిల్డ్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్-మానిఫెస్ట్ అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది, ఎక్కడెక్కడ ఏ ఫైలు పెట్టిందో అందులో వరుసగా రాసి ఉంటుంది. దాన్ని చూసి తీసేయవచ్చు.

ఇన్‌స్టాల్ చేశాక కూడా పాత వెర్షనే నడుస్తుంటే 'హ్యాష్ డాష్ ఆర్' కొట్టి, ఆ తర్వాత 'టైప్ లిలీపాండ్' అని అడిగి ఏ ఫైలు నడుస్తోందో చూసుకోండి. ప్రోగ్రామ్ ఫైలు ఒక్కదాన్నే వేరే చోటికి కాపీ చేసుకోవద్దు. ఫాంట్లు, స్కీమ్ ఫైళ్లు షేర్ ఫోల్డర్‌లో వెర్షన్ పేరుతో విడిగా ఉంటాయి, అవి దొరక్క ఆగిపోతుంది. ఇన్‌స్టాల్ చేయకముందే పరీక్షించాలంటే బిల్డ్ ఫోల్డర్‌లోని 'అవుట్', దానిలోని 'బిన్' నుంచి నేరుగా నడపవచ్చు.

ప్రశ్న: మ్యూజ్‌స్కోర్ 4 కంపైల్ చేస్తుంటే మెషీన్ బిగుసుకుపోయి, కాసేపటికి 'కిల్డ్' అని వచ్చి ఆగిపోయింది. కోడ్‌లో తప్పుందా?

జవాబు: లేదు, ర్యామ్ చాలలేదు. ఆ 'కిల్డ్' పక్కన సీసీ1ప్లస్ అనే పేరు కనబడితే, కంపైలర్‌ను చంపింది కెర్నలే. 'డీమెసేజ్' కొడితే అవుట్ ఆఫ్ మెమరీ అని రాసి ఉంటుంది. సీమేక్ రాసిచ్చిన పనులను నడిపి మ్యూజ్‌స్కోర్‌ను కట్టేది నింజా అనే పనిముట్టు. మీరేమీ చెప్పకపోతే అది మీ కోర్ల సంఖ్యకు రెండు కలిపి అన్ని పనులు ఒకేసారి మొదలుపెడుతుంది. ఎనిమిది కోర్లుంటే పది కంపైలర్లన్నమాట. పైగా మ్యూజ్‌స్కోర్ 4లో యూనిటీ బిల్డ్ పద్ధతి ఉంది. అనేక సోర్స్ ఫైళ్లను కలిపి ఒకే ముద్దగా కంపైల్ చేస్తుంది. దానివల్ల సమయం కలిసొస్తుంది, ఒక్కో పనికి మెమరీ పెరుగుతుంది.

ఒక్కో పనికి 2 జీబీ ర్యామ్ చొప్పున లెక్కేసుకోండి. 8 జీబీ మెషీన్‌లో బ్రౌజర్ మూసేసి డాష్ జె 3 ఇస్తే సాఫీగా సాగుతుంది. బిల్డ్ రకం 'రిలీజ్' పెట్టండి. డీబగ్ సమాచారం కలిస్తే చివరి లింకింగ్ దశలో మళ్లీ ర్యామ్ మింగుతుంది.

ప్రశ్న: మ్యూజ్‌స్కోర్ తప్పుల్లేకుండా కంపైల్ అయింది. ఐకాన్ నొక్కితే విండో మాత్రం రావడం లేదు.

జవాబు: ఐకాన్ వదిలేసి టెర్మినల్ నుంచి నడపండి. ఫలానా మాడ్యూల్ ఇన్‌స్టాల్ కాలేదన్న లైన్ కనబడే అవకాశం ఎక్కువ. మ్యూజ్‌స్కోర్ 4 తెరలో చాలా భాగం క్యూటీ (విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) వారి క్యూఎంఎల్ భాషలో రాశారు. ఆ మాడ్యూళ్లు నడిచేటప్పుడే కావాలి, అందుకే కంపైలర్ వాటి లోటు పట్టుకోలేదు. డెబియన్ వంటి డిస్ట్రోల్లో ఒక్కో క్యూఎంఎల్ మాడ్యూల్ ఒక్కో ప్యాకేజీ. టెర్మినల్ చెప్పిన పేరు ఉన్న ప్యాకేజీ వేసి మళ్లీ నడపండి, ఇంకో పేరు చెబితే అదీ వేయండి. కంపైల్ మళ్లీ చేయనక్కర్లేదు.

క్యూటీ వెర్షన్ కూడా సరిచూసుకోండి. 4.4కు ముందు క్యూటీ 5.15, 4.4 నుంచి క్యూటీ 6. ఒక క్యూటీతో మొదలుపెట్టి ఇంకోదానికి మారితే సీమేక్ పాత దారినే గుర్తుపెట్టుకుంటుంది. బిల్డ్ ఫోల్డర్ చెరిపి మళ్లీ మొదలుపెట్టడమే మార్గం. ఇంకో జాగ్రత్త: అభివృద్ధిలో ఉన్న వెర్షన్‌లో మీ అసలు ఫైళ్లు తెరవకండి, కాపీలు తెరవండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసినవి పాతదానిలో సరిగా తెరుచుకోకపోవచ్చు.

ప్రశ్న: నేను కట్టిన లిలీపాండ్‌లో స్వరాల కింద తెలుగు సాహిత్యం బదులు డబ్బాలు వస్తున్నాయి.

జవాబు: ఎమెంటాలర్‌లో ఉన్నవి సంగీత చిహ్నాలు. తెలుగు అక్షరాలు మీ సిస్టమ్ ఫాంట్ల నుంచి రావాలి. లిలీపాండ్‌ను 'డాష్ డి షో-అవైలబుల్-ఫాంట్స్' ఐచ్ఛికంతో నడపండి. ఆ జాబితాలో తెలుగు ఫాంట్ లేకపోతే నోటో సాన్స్ తెలుగు వంటిది వేసి, 'ఎఫ్‌సీ-క్యాష్ డాష్ ఎఫ్' కొట్టండి. మిగతా ప్రోగ్రాముల్లో తెలుగు బాగుండి ఇక్కడే రాకపోతే, ఫాంట్లను వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్‌ను కూడా మీరే కంపైల్ చేశారేమో చూడండి. సొంతంగా కట్టినది తన ప్రిఫిక్స్‌లోని సెట్టింగులు చదువుతుంది, సిస్టమ్ ఫాంట్ల ఫోల్డర్లు దానికి తెలియకపోవచ్చు. డిస్ట్రో ఇచ్చిన ఫాంట్‌కాన్ఫిగ్‌తో మళ్లీ కడితే సరిపోతుంది.

అక్షరాలు వచ్చాక, మాటను రెండు స్వరాలకు పంచేటప్పుడు రెండు హైఫన్లకు అటూ ఇటూ ఖాళీ వదలండి. విడగొట్టేది అక్షరం అంచు దగ్గరే. 'అమ్మ'ను 'అ', 'మ్మ'గా విడదీస్తే ఒత్తు దాని అక్షరం కిందే ఉంటుంది. ఒత్తును విడదీసి రెండో స్వరానికి ఇస్తే మొదటి స్వరం కింద పొల్లు మకారం మిగిలిపోతుంది.