రక్తం ధారగా పోతుంటే ముందు నొక్కాలా, టోర్నికే కట్టాలా?

చేతికో కాలికో పెద్ద గాయమై రక్తం ఆగకపోతే గట్టిగా నొక్కి పట్టుకోవాలా, టోర్నికే (రక్తం ఆగేలా చేతికో కాలికో చుట్టూ బిగించే పట్టీ) కట్టాలా, కడితే తర్వాత కాలు తీసేయాల్సి వస్తుందా అని అడిగారు. నేను ఎమర్జెన్సీ వార్డులో 11 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ముందు నొక్కండి. నొక్కాక ఎత్తి చూడకండి. ఈలోపు ఇంకొకరు అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తొడ లోతుగా తెగిన ఒకాయన వచ్చారు. గుడ్డ పెట్టి నొక్కాను. ఆగిందో లేదోనన్న టెన్షన్‌లో అరనిమిషానికోసారి తీసి చూశాను. చూసిన ప్రతిసారీ రక్తం మళ్లీ ఉబికింది. అప్పుడప్పుడే కడుతున్న గడ్డను నేనే పీకేస్తున్నానని తట్టలేదు. సీనియర్ సిస్టర్ పరుగున వచ్చి, నేను పైపైన పేర్చిన గుడ్డల గుట్ట తీసేశారు. గాజ్‌ను (గాయాలకు వాడే పలుచని గుడ్డ) గాయం లోపలికి, రక్తం వచ్చే చోటిదాకా కూరి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కమన్నారు. 10 నిమిషాలు కదల్లేదు. చేతులు తిమ్మిరెక్కాయి, రక్తం ఆగింది. గజ్జల్లో, చంకలో గాయమైతే టోర్నికే కట్టడానికి చోటే ఉండదు, అక్కడ చేయాల్సింది ఇదే. పొట్టలో, ఛాతీలో లోపల పోయే రక్తాన్ని మాత్రం బయటి నుంచి ఆపలేం, వెంటనే ఆపరేషన్ థియేటర్‌కు చేర్చాల్సిందే.

చేతి నుంచో కాలి నుంచో రక్తం చిమ్ముతున్నా, నొక్కినా ఆగకపోయినా టోర్నికేకి భయపడకండి. గాయానికి రెండు మూడు అంగుళాల ఎగువన, ఒంటి వైపు, కీలు మీద పడకుండా వేసి, రక్తం పూర్తిగా ఆగేదాకా బిగించాలి. సగం బిగిస్తే ఇంకా ప్రమాదం. సిరలు మూసుకుపోతాయి, ధమని మాత్రం రక్తం పంపుతూనే ఉంటుంది, కారడం పెరుగుతుంది. నొప్పికి మనిషి అరుస్తాడు, తీసేయమని బతిమాలతాడు. అది వినడం నాకిప్పటికీ కష్టమే. అయినా వదులు చేయకూడదు. రెండు గంటల లోపు ఆసుపత్రిలో తీయగలిగితే ఆ కట్టు వల్ల కాలు పోవడం చాలా అరుదు. సన్నటి తాడు, తీగ వాడొద్దు, కండను కోసేస్తాయి.

చాలామంది మరిచిపోయేది దుప్పటి. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు, కప్పి ఉంచండి.

దెబ్బ తగిలిన టైమ్, టోర్నికే కట్టిన టైమ్ రాసి పంపండి. కట్టిన గడ్డ కరిగిపోకుండా కాపాడే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ మొదటి 3 గంటల్లో ఇస్తేనే మేలు చేస్తుంది. 20 వేల మందికి పైగా క్షతగాత్రులతో జరిగిన క్రాష్-2 అధ్యయనంలో, ఆ గడువు దాటాక ఇస్తే కీడు జరగొచ్చని కూడా తేలింది. అందుకే మనిషిని స్ట్రెచర్ ఎక్కిస్తూనే మేం అడిగే మొదటి మాట, ఎన్నింటికి తగిలింది అని.