లంగరు గొలుసుకు స్నబ్బర్ కట్టడం గురించి పెదనాన్న ఉత్తరం

చి. ల. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ అల్లుడూ కలిసి గ్రీసులో, లావ్రియో రేవులో తెరచాప పడవ కొన్న సంగతి మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. 36 అడుగుల పడవ, 8 మిల్లీమీటర్ల గొలుసు 50 మీటర్లు, గొలుసును పైకి లాగే కరెంటు విండ్‌లాస్, గొలుసును పట్టి ఉంచే చైన్ స్టాపర్. అన్నీ బాగున్నాయి. ముందు డెక్ ఫొటోను పెద్దది చేసి ఎంత వెతికినా స్నబ్బర్ మాత్రం కనబడలేదు. జులైలో సైక్లడీస్ దీవులకు వెళ్తామంటున్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు. కాగితం అయితే పడవలోనే పెట్టుకోవచ్చు.

స్నబ్బర్ అంటే పెద్ద వస్తువేమీ కాదమ్మా. ఒక నైలాన్ తాడు. ఒక కొస గొలుసుకు, రెండో కొస పడవ ముందున్న క్లీట్‌కు, అంటే తాడు కట్టే కొమ్ముకు. పడవను లాగే బరువంతా ఆ తాడు మీద పడాలి, దాని వెనక గొలుసు వదులుగా వేలాడాలి. అంతే పని. కానీ ఆ తాడు లేకుండా ఏజియన్ సముద్రంలో ఒక్క రాత్రి కూడా లంగరు మీద పడుకోవద్దని నీకు గట్టిగా చెబుతున్నాను.

గొలుసు బరువైనది కదా, అదే కుదుపులన్నీ మింగేస్తుంది కదా అని నువ్వు అడుగుతావు. గాలి తక్కువగా ఉన్నప్పుడు నిజమే. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు కిలోన్నర దాకా తూగుతుంది. నీళ్లలో కిందికి వంగి ఉంటుంది. పడవ వెనక్కి వెళ్తే ఆ వంపు కాస్త లేస్తుంది, మళ్లీ దిగుతుంది. అదొక మెత్తటి స్ప్రింగ్. కానీ గాలి రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. 15 నాట్ల గాలి (నాట్ అంటే గంటకు ఒక సముద్ర మైలు వేగం) 30 నాట్లకు పెరిగేసరికి ఆ వంపు దాదాపు మాయమైపోయి గొలుసు కర్రలా తిన్నగా సాగుతుంది. అప్పుడిక అందులో స్ప్రింగ్ గుణం ఏమీ మిగలదు. పైగా తెరచాప పడవ లంగరు మీద నిలకడగా నిలబడదు. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగుతుంది. ప్రతి ఊపు చివరా పక్క నుంచి గాలి తగిలి ఒక్క ఉదుటున వెనక్కి పోతుంది. ఆ ఝాడింపు నేరుగా లంగరు మీద, విండ్‌లాస్ మీద పడుతుంది. లంగరు ఇసుకలోంచి ఊడివచ్చేది చాలాసార్లు ఆ ఝాడింపుల వల్లే.

విండ్‌లాస్ గొలుసును పైకి ఎత్తడానికి చేసిన యంత్రం, పడవను పట్టుకోవడానికి కాదు. రాత్రంతా దాని మీద బరువు పెడితే షాఫ్ట్ వంగుతుంది, గేర్లు దెబ్బతింటాయి, లేదా క్లచ్ జారి గొలుసు దానంతటదే పోతుంది.

ఇది నాకు జరిగింది కాబట్టే ఇంత చెబుతున్నాను. సెరిఫోస్ దీవిలో లివాడి అని ఒక అఖాతం ఉంది. కొండ మీద తెల్లటి ఇళ్ల ఊరు, కింద ఇసుక అడుగు, చూడగానే ఇక్కడే ఉండిపోవాలనిపించే చోటు. నాలుగు మీటర్ల నీళ్లలో లంగరు వేశాను. నా దగ్గరున్న స్నబ్బర్ రెండు మీటర్ల పొడవు, బాగా లావు. అది కూడా నైలాన్ కాదు, రేవులో పడవ కట్టే పాత పాలియెస్టర్ తాడు ముక్క. దాని చివర తాళం లేని కొక్కెం. లావుగా ఉంది కాబట్టి గట్టిది అనుకున్నాను. మధ్యాహ్నం నుంచి మెల్టెమి అనే అక్కడి ఎండాకాలపు గాలి మొదలైంది. రాత్రి రెండు గంటలకు గాలి ఒక్క క్షణం ఆగింది, తాడు వదులైంది, కొక్కెం గొలుసు మీంచి జారిపోయింది. ఆ తర్వాత వచ్చిన గాలి దెబ్బ మొత్తం విండ్‌లాస్ మీద పడింది. క్లచ్ జారి గొలుసు గలగలమంటూ చివరిదాకా పోయింది. పెట్టెలో గొలుసు చివరను గట్టిగా కట్టి ఉంచాను కాబట్టి ఆగాం. వెనక నిలబడ్డ పడవకూ మాకూ మధ్య మిగిలింది పది మీటర్లు. మీ పెద్దమ్మ టార్చి పట్టుకుని ముందు డెక్ మీద మోకాళ్ల మీద కూర్చుంది. తెల్లారేదాకా ఇంజన్ నడుపుతూనే ఉన్నాను.

మెల్టెమి గురించి రెండు ముక్కలు. జులై, ఆగస్టు నెలల్లో ఉత్తరం వైపు నుంచి వీస్తుంది. మన దగ్గర వాన గాలి వచ్చేముందు మబ్బు కమ్ముతుంది, మట్టి వాసన వస్తుంది, మనిషికి తెలుస్తుంది. మెల్టెమికి అదేమీ ఉండదు. ఆకాశం నీలంగా మెరుస్తూనే ఉంటుంది, గాలి బోఫర్ట్ అనే గాలి కొలమానంలో 6, 7కి చేరుతుంది. అంటే 22 నుంచి 33 నాట్లు. ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. ఎత్తైన దీవికి దక్షిణాన దాక్కుంటే చాలనుకోవద్దు. కొండ దాటిన గాలి వాలు మీద నుంచి దొర్లినట్టు దిగి, బయటి సముద్రంలో కంటే గట్టిగా కొడుతుంది. అందుకే మధ్యాహ్నం భోజనానికి ఆగినా స్నబ్బర్ కట్టాలి. గాలి పెరిగాక కడదాంలే అనుకుంటే, అప్పటికే గొలుసు వీణ తీగలా బిగుసుకుని ఉంటుంది. దాని దగ్గరికి చెయ్యి పెట్టడం ప్రమాదం.

ఇప్పుడు తాడు సంగతి. నైలాన్ మాత్రమే కొను. పాలియెస్టర్ సాగదు. డైనీమా అనే గట్టి పీచు తాడు అసలే సాగదు. పాలీప్రొపిలీన్ నీళ్ల మీద తేలుతుంది, ఎండకు త్వరగా పాడవుతుంది. అల్లిన నైలాన్ కంటే పురి తిప్పిన ముప్పేట నైలాన్ నాకు ఇష్టం. బాగా సాగుతుంది, గొలుసు లంకెల మధ్యలోకి దిగి పట్టుకుంటుంది, ఎక్కడ పాడైందో చూడగానే తెలుస్తుంది. మీ పడవకు 12 మిల్లీమీటర్ల లావు సరిపోతుంది. దుకాణంలో ఎవరైనా 18 తీసుకోండి, ఇంకా గట్టిది అంటే వినకు. లావెక్కిన కొద్దీ సాగడం తగ్గుతుంది, మనకు కావాల్సింది సాగడమే. అలాగని మరీ సన్నం చేయకు. నైలాన్ మళ్లీ మళ్లీ సాగుతూ ముడుచుకుంటూ ఉంటే లోపల వేడెక్కి బలం పోతుంది. పొడవు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. తాడు ఎంత పొడవుంటే అంత ఎక్కువ సాగుతుంది. 12 మీటర్లు కొను, 8 మీటర్లు బయటికి వదిలి మిగతాది క్లీట్ దగ్గర ఉంచుకో. అది ఎందుకో కింద చెబుతాను. ఇదే కొలతతో రెండో తాడు కూడా కొని ముందు పెట్టెలో ఉంచు.

గొలుసుకు ఎలా తగిలించాలి అన్నదాని మీద పడవల వాళ్లు గంటలు వాదించుకుంటారు. కొక్కెం తేలిక, కానీ నా అనుభవం చెప్పాను కదా. పైగా గాలి లేనప్పుడు గొలుసు నిలువుగా దిగి, 8 మీటర్ల స్నబ్బర్ కొస అడుగున ఇసుక మీద పడుకుంటుంది. అక్కడ కొక్కెం ఊడిపోయినా పైనున్న నీకు తెలియదు. కొక్కెమే కావాలంటే తాళం పడేది తీసుకో. డైనీమాతో చేసిన సాఫ్ట్ షాకిల్‌ను, అంటే తాడు ఉచ్చును, లంకెలోంచి దూర్చి తగిలించేవాళ్లూ ఉన్నారు, అది మంచి పద్ధతే. కానీ నువ్వు ముందు ముడి నేర్చుకో. ముడి వచ్చిన చేతికి ఏ సామానూ లేకపోయినా పని ఆగదు.

నేను కట్టేది రోలింగ్ హిచ్. తాడు కొసను గొలుసు చుట్టూ తిప్పి, క్లీట్ నుంచి వచ్చే తాడు మీదుగా దాటించు. మళ్లీ చుట్టు, మళ్లీ దాటించు. ఒక్కో చుట్టూ పడవ వైపుకు జరుగుతూ రావాలి. ఇదే ప్రాణం, జాగ్రత్తగా గుర్తుపెట్టుకో: తాడు ఎటు లాగుతుందో చుట్లు అటువైపు పడాలి. మామూలుగా రెండు చుట్లు వేస్తారు, గొలుసు మీద నేను నాలుగు వేస్తాను. నాలుగూ పక్కపక్కనే ఒద్దికగా కూర్చోవాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. తర్వాత కొసను అవతలికి, అంటే లంగరు వైపుకు తీసుకెళ్లి, గొలుసు చుట్టూ ఇంకొక్క చుట్టు వేసి, ఆ చుట్టు కిందుగానే కొసను దూర్చి బిగించు. మూరెడు కొస మిగలాలి. బరువు పడగానే పడవ వైపు చుట్లు తాడును గొలుసుకు అదిమి పట్టుకుంటాయి. చుట్లు తిరగేసి లంగరు వైపు వేశావనుకో, ముడి చూడటానికి అలాగే ఉంటుంది, బరువు పడితే జరజరా జారిపోతుంది. కొత్త నైలాన్ జారుడుగా ఉంటుంది కాబట్టి మొదటి నెల అయిదు చుట్లు వెయ్యి.

పని ఏ వరుసలో చేయాలో చెబుతాను. 5 మీటర్ల నీళ్లు అనుకో. నీటి మీద నుంచి బో రోలర్ (పడవ ముక్కున గొలుసు దొర్లే చక్రం) ఎత్తు 1.2 మీటర్లు కలిపితే 6.2. దానికి అయిదు రెట్లు, 31 మీటర్ల గొలుసు వదలాలి. మెల్టెమి వచ్చే సూచన ఉంటే ఏడు రెట్లు, స్నబ్బర్ కట్టాక వదిలేదానితో కలిపి 43. సముద్రపు గడ్డి నల్లగా కనిపించే చోట వేయకు. లంగరు దిగదు, ఆ గడ్డికీ హాని. లేత రంగు ఇసుక చూసి వెయ్యి. 31 మీటర్లు వదిలాక చైన్ స్టాపర్ వేసి, ఇంజన్ రివర్స్‌లో మెల్లగా పెంచుతూ లంగరును దింపు. అది పట్టిందని నమ్మకం కుదిరాక గేరు న్యూట్రల్‌కు తెచ్చి గొలుసు వదులవనివ్వు. అప్పుడు స్నబ్బర్ చేతిలోకి తీసుకో.

ఇక్కడ అందరూ ఒక పొరపాటు చేస్తారు. తాడును డెక్ మీద నుంచి నేరుగా గొలుసుకు కట్టేస్తారు. తీరా వదిలాక అది ముందు రెయిలింగ్ కమ్మీ మీద ఎక్కి కూర్చుంటుంది. అందుకే ముందు క్లీట్‌కు కట్టు, ఫెయిర్‌లీడ్ (డెక్ అంచున తాడు బయటికి పోయే దారి) గుండా బయటికి పంపు, రెయిలింగ్ కింద నుంచి చుట్టి రోలర్ దగ్గరికి తెచ్చుకో, అప్పుడు గొలుసుకు ముడి వెయ్యి. ముడి వేశాక గొలుసును మెల్లగా వదులు. 8 మీటర్లు పోయేసరికి తాడు బిగుస్తుంది. అక్కడ ఆపకుండా ఇంకో రెండు మీటర్లు వదిలితే గొలుసు తాడు వెనక ఊయలలా వేలాడుతుంది. ఆ రెండు మీటర్లు తాడు సాగడానికి ఇచ్చే చోటు. తర్వాత గొలుసును చైన్ స్టాపర్‌తో బిగించు. స్నబ్బర్ తెగినా బరువు స్టాపర్ మీద పడాలి, విండ్‌లాస్ మీద కాదు. పడవ ఇప్పుడు ఎనిమిది మీటర్లు వెనక్కి జరిగి ఉంటుంది, వెనక ఎవరున్నారో ఇంకోసారి చూసుకో.

ముడి వేస్తున్నంతసేపూ చుక్కాని దగ్గర ఉన్న మనిషి నీ చేతి సైగ లేకుండా గేరు ముట్టకూడదు. గాలిలో కేక వినబడదు. "ఆపు", "వదులు", "ముందుకు" అని మూడు సైగలు ఇద్దరూ ఇంట్లోనే అనుకోండి. గొలుసుకూ రోలర్‌కూ మధ్య వేలు ఎప్పుడూ పెట్టకు. చున్నీ, విరబోసుకున్న జుట్టు ముందు డెక్ మీదకు రాకూడదు.

స్నబ్బర్ తెగేది దాదాపు ఎప్పుడూ ఫెయిర్‌లీడ్ దగ్గరే. మన ఊరి బావి గట్టు మీద చేంతాడు ఒరిసి ఒరిసి రాతికే గాట్లు పడ్డాయి, చూశావు కదా. ఇక్కడ గాటు పడేది తాడుకు. ఆ చోట తోలు ముక్కగానీ, పాత ఫైర్ హోస్ గుడ్డ గొట్టంగానీ తొడిగి, తాడుకే దారంతో కట్టెయ్యి. రబ్బరు గొట్టం, ప్లాస్టిక్ పైపు వద్దు. లోపల పుట్టిన వేడి బయటికి పోదు, నీళ్లు తగిలి చల్లబడవు. గాలి గట్టిగా ఉన్న రాత్రి రెండు గంటలకొకసారి లేచి, క్లీట్ దగ్గర జానెడు తాడు వదులు. రాపిడి కొత్త చోటికి మారుతుంది. అదనంగా 4 మీటర్లు ఉంచుకోమన్నది ఇందుకే. వదిలేటప్పుడు క్లీట్ చుట్టూ ఒక పూర్తి చుట్టు ఉండగానే వదలాలి, మొత్తం విప్పేస్తే నీ చేతులు ఆ బరువును ఆపలేవు.

లంగరు ఎత్తేటప్పుడు ఇంజన్‌తో మెల్లగా ముందుకు వస్తూ గొలుసు లాగు. ముడి రోలర్ దగ్గరికి రాగానే ఆపి విప్పు. మరిచిపోయి అలాగే లాగితే తాడు విండ్‌లాస్ చక్రంలో ఇరుక్కుంటుంది. విప్పిన తాడును వెంటనే పైకి తీసుకో, నీళ్లలో వేలాడితే ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. రేవుకు చేరాక మంచినీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టు. ఉప్పు పట్టిన నైలాన్ గట్టిపడుతుంది. పేటలను కాస్త విప్పి లోపల చూడు. గాజులా మెరిసే గట్టి చారలు కనిపిస్తే అది లోపల కరిగిన తాడు, డబ్బు చూసుకోకుండా పారెయ్యి.

ఇంకొక్కటి. పెట్టెలో గొలుసు చివర ఎలా కట్టి ఉందో అల్లుణ్ని రేపే చూడమను. బోల్టుతో బిగించి ఉంటే తీసేసి, డెక్ మీదకు వచ్చేంత పొడవు తాడుతో కట్టండి. ఎప్పుడైనా లంగరు వదిలేసి పారిపోవాల్సి వస్తే కత్తితో ఒక్క కోత చాలాలి.

బయలుదేరేలోపు ఇంట్లో రెండు మీటర్ల గొలుసు కిటికీ ఊచకు వేలాడదీసి, ఆ ముడి రోజూ పదిసార్లు వెయ్యి. చివరికి కళ్లు మూసుకుని వెయ్యి, ఎందుకంటే అవసరం పడేది చీకట్లోనే. వేసిన ముడి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. గొలుసు ఏ వైపు పడవో, ఏ వైపు లంగరో ఫొటోలో రాసి పంపు. చుట్లు సరైన వైపు పడ్డాయో లేదో చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ కూడా ఆశీస్సులు చెప్పమంది.

ఇట్లు,
పెదనాన్న