టెక్ సందేహాలు: ఓపెన్ సోర్స్ మీదే ఎందుకంత మొగ్గు?

ప్రశ్న: ఎవరేం అడిగినా మీరు లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ పేర్లే చెబుతుంటారు. డబ్బు కట్టక్కర్లేదనేనా, వేరే కారణం ఉందా? నేను తెలుగు టీచర్ని. నోట్స్ అంతా వర్డ్‌లోనే ఉంది. నేనూ మారొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చెప్పినవన్నీ ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగలిగేవి. డబ్బు మిగలడం మంచిదేనండీ. కానీ నన్ను ఇటు తిప్పింది తెలుగే. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి కోడ్‌లిచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీ సెంటర్లో కొట్టించిన ఫైలు మీ దగ్గరుంటే తెరిచి చూడండి. అప్పటి ఫాంట్ లేకపోతే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు ముక్కల్ని కూర్చేవి. ఏ కోడ్‌కి ఏ ముక్క అన్నది ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఎంతమంది రచయితల పుస్తకాలు అలా చదవరాకుండా పడి ఉన్నాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అందుకే నా రాతలు ఎలా భద్రమవుతున్నాయో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అంటే నాకు నమ్మకం లేదు.

ఒక పని చేసి చూడండి. వర్డ్‌లాంటి పనులకే వాడే లిబ్రేఆఫీస్‌లో ఒక పాఠం రాసి, దాని సొంత ఫార్మాట్ ఓడీటీ (.odt)గా సేవ్ చేయండి. దాని కాపీ తీసి, పేరు చివర ఓడీటీ బదులు జిప్ అని మార్చి తెరవండి. లోపల కంటెంట్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ట్యాగుల మధ్య మీ తెలుగు వాక్యాలే కనిపిస్తాయి. ఈ ఫార్మాట్ 2006లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం అయింది. రేపు లిబ్రేఆఫీసే లేకపోయినా దీన్ని చదివే ప్రోగ్రామ్ ఇంకెవరైనా రాసుకోవచ్చు. లిబ్రేఆఫీస్ పుట్టుక కూడా అలాంటిదే. ఓపెన్‌ఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ కంపెనీ చేతికి వెళ్లాక, దాని గతి ఏమవుతుందోనని బెంగపడ్డ డెవలపర్లు 2010లో ఆ కోడ్ తీసుకునే వేరుపడ్డారు.

ఇంకో సంగతి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం కనిపిస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ సరిచేసేదాకా బయటివాళ్లు చేయగలిగిందేమీ లేదు. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్‌లలో మన ఒత్తుల్ని కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. అందులో తప్పు దొరికితే కోడ్ తెలిసిన తెలుగువాళ్లు ఎవరైనా సరిదిద్ది పంపవచ్చు.

మీ నోట్స్‌కి ఇప్పటికిప్పుడు వచ్చిన ముప్పేమీ లేదు. వర్డ్ వాడే డాక్స్ (.docx) ఫార్మాట్ కూడా 2008 నుంచి ఐఎస్ఓ ప్రమాణమే. పాత డాక్ (.doc) ఫైళ్లుంటే ముందు వాటిని డాక్స్‌లోకో ఓడీటీలోకో మార్చుకోండి. ఎక్సెల్ మాక్రోల (పనులు వాటంతటవే జరిగేలా రాసుకునే ఆదేశాల) మీద నడిచే పనులుంటే మాత్రం తొందరపడి మారకండి, అవి లిబ్రేఆఫీస్‌లో అన్నిసార్లూ సరిగ్గా నడవవు. స్కూల్లో అందరూ వర్డే వాడుతుంటే టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లోకి వెళ్లి 'ఆల్వేస్ సేవ్ యాజ్' దగ్గర వర్డ్ ఫార్మాట్ ఎంచుకోండి.